సీసా పట్టుకెళ్ళారు, జవాబేదీ?

పోయిన సంచికలో నల్గొండ పల్లెల్లో నీళ్ళ సీసాలు మోసిన రోజుల గురించి నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఫ్లోరైడ్‌కే. బండల్లోంచి నీళ్ళలోకి దిగి, ఎక్కువైతే పళ్ళనూ ఎముకలనూ పాడుచేసేది అదే. కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక మాట. నేను డాక్టర్ని కాదు. ఒక పరిశోధన సంస్థలో 31 ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. నీళ్ళు, మూత్రం, జొన్నలు, ఏ ఊరి నుంచి ఏది వస్తే అది పరీక్ష చేశాను. పుట్టింది సూర్యాపేట దగ్గర ఒక పల్లెలో.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్ళు. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు వచ్చాయి. చింతపండు నీళ్ళు తాగితే ఫ్లోరైడ్ పోతుందని, అది పరిశోధనలో తేలిందని ఫోన్లో వీడియో చూసి పది రోజులుగా తాగిస్తున్నాను. నిజమేనా అక్కా? (ఒక తల్లి, మర్రిగూడ మండలం)

ఆ వీడియోలో కొంత నిజం ఉందమ్మా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఆ పరీక్ష నిజంగానే చేశారు. 2002లో అచ్చయింది. 18 మంది మగపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ రోజుకు సుమారు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. అంటే ఒంట్లోంచి కొంచెం ఎక్కువ పోయింది. అంతవరకు నిజం.

వీడియో చెప్పనిది ఏమిటంటే, ఆ పరీక్షలో పళ్ళను చూడలేదు. ముదిరిన ఎముకలనూ చూడలేదు. 18 రోజుల్లో అవి తేలేవి కావు. పాప పంటి మీద కనిపించే చార ఇప్పుడు పడింది కాదు. పన్ను ఇంకా చిగురు లోపల ఉన్నప్పుడే, మొదటి నాలుగైదేళ్ళలో, పై పొర తయారయ్యేటప్పుడు పడింది. పన్ను బయటికొచ్చాక మనకు కనపడింది, అంతే. దాన్ని చింతపండు చెరపలేదు. పళ్ళ డాక్టరు పై పొరను కొద్దిగా అరగదీసి గానీ, పంటి రంగు పూత వేసి గానీ చాలావరకు కనపడకుండా చేయగలరు. ఒకసారి తీసుకెళ్ళండి. ఆడపిల్ల నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేను చాలా ఊళ్ళలో చూశాను. మీ పాపకు ఆ అలవాటు పడకముందే తీసుకెళ్ళండి.

పరగడుపున చింతపండు నీళ్ళు మాత్రం ఆపేయండి. చారులో, పులుసులో ఎలాగూ తింటున్నాం, అది చాలు. అసలు అడగాల్సింది ఆ చారు ఏ నీళ్ళతో కాస్తున్నారని. తాగడానికి నల్లా నీళ్ళు పట్టి, వంటకు బోరు నీళ్ళు వాడే ఇళ్ళు ఎన్నో చూశాను. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరైపోయి మిగిలినది ఇంకా చిక్కబడుతుంది. అన్నం, పప్పు, చారు అన్నీ నల్లా నీళ్ళతోనే వండండి. పాలు, పెరుగు, రాగి జావ పెట్టండి. కాల్షియం సరిపడా ఉన్న ఒంట్లోకి ఫ్లోరైడ్ తక్కువ ఎక్కుతుంది. డికాక్షన్ టీ పిల్లలకు వద్దు, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

ప్రశ్న: మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ 3.2 అని వచ్చింది. యాభై గజాల దూరంలో మా అన్న బోరులో 0.9. రెండూ ఒకే బండ. ఏదో ఒక రిపోర్టు తప్పే కదా మేడమ్? నీళ్ళు చూస్తే తేటగా, తియ్యగా ఉన్నాయి. సబ్బు కూడా బాగా నురగ వస్తుంది. (ఒక రైతు, కనిగిరి దగ్గర)

రెండు రిపోర్టులూ సరైనవే అయ్యుండొచ్చు అన్నా. మీ వైపు, మా వైపు కింద ఉన్నది గ్రానైట్ జాతి బండ. అందులో అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాలుంటాయి. వాటిలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. బండ మొత్తం నీళ్ళుండవు, పగుళ్ళలోనే ఉంటాయి. మీ బోరుకు తగిలిన పగులు వేరు, మీ అన్న బోరుకు తగిలిన పగులు వేరు. ఒక పగులులో నీళ్ళు నిన్నగాక మొన్నటి వానవి, ఇంకో దాంట్లో ఏళ్ళ తరబడి బండను నానబెట్టుకుని కూర్చున్నవి. అందుకే లోతు పెంచినకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా పెరుగుతుంది.

మీరు సబ్బు నురగ మాట రాయడం మంచిదైంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి అడుగున పేరుకుపోతుంది, నీళ్ళలో ఎక్కువ మిగలదు. కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ హాయిగా నిలిచి ఉంటుంది. ఆ నీళ్ళకే సబ్బు బాగా నురుగొస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది. మా అమ్మమ్మ ఊళ్ళో కూడా అందరూ "మంచి నీళ్ళ బావి" అని మెచ్చుకున్న బావిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ తేలింది. రంగు, రుచి, వాసన, ఏదీ దీన్ని పట్టించదు.

మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. 3.2 నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోయే ప్రమాదం మొదలవుతుంది. స్నానానికి, బట్టలకు వాడుకోండి. తాగడానికి, వంటకు మాత్రం వద్దు. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి మళ్ళీ పరీక్ష చేయించండి. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పొచ్చు.

పటిక, సున్నం వేసి ఇంట్లోనే తీసేయొచ్చు కదా అని మీ ఉత్తరం చివర అడిగారు. ఆ పద్ధతి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వాళ్ళు తయారుచేసింది. దాని పేరే నల్గొండ పద్ధతి. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా ఆ పేరు వెళ్ళింది. మా జిల్లా పేరు లోకానికి ఇలా తెలియడం నాకు ఇప్పటికీ గుండెలో గుచ్చుకుంటుంది. పద్ధతి మంచిదే. కానీ పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్‌ను బట్టి, నీళ్ళ సోడా గుణాన్ని బట్టి మారుతుంది. చేతి అంచనాతో వేస్తే ఫ్లోరైడ్ సరిగ్గా పోదు, పైగా నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది. మీ పంచాయతీలో ఆర్వో ప్లాంటు ఉంటే అదే మేలు.

ఇంకొకటి మీకు చెప్పాలి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తుపట్టింది డాక్టర్లు కాదు, మీ ప్రాంతపు రైతులు. ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోతున్నాయని అప్పటి నెల్లూరు జిల్లా రైతులు గమనించారు. కొన్నేళ్ళకు అదే మనుషుల్లో కనపడింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి ఆ జిల్లా జబ్బు గురించి వైద్య పత్రికలో రాశారు. కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. కాబట్టి మీ పశువులు ఎలా నడుస్తున్నాయో, వాటి పళ్ళు ఎలా అరుగుతున్నాయో కూడా చూస్తూ ఉండండి.

ప్రశ్న: నేను హాలియా వైపు చదువుకున్నాను. మా క్లాసులో ముగ్గురికి మోకాళ్ళు రెండూ ఒరుసుకుని, మడమలు దూరంగా పోయేవి. సాగర్ డ్యామ్ కట్టాకే ఇది వచ్చిందని మా నాన్న అనేవాడు. డ్యామ్‌కూ కాళ్ళకూ ఏం సంబంధం? ఇది నాన్న ఊహేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ)

మాస్టారూ, మీ నాన్నగారు ఊహించలేదు, చూశారు. ఇదే ప్రశ్నను జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా వేసుకున్నారు. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీని మీద రాశారు. వంగిన కాళ్ళు, వాటితోపాటు పలచబడ్డ ఎముకలు, అదీ ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో. ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్, అంటే అప్పటిదాకా పెద్దవాళ్ళలో వెన్ను బిగుసుకుపోవడం, ఎముక గట్టిపడిపోవడం. ఇక్కడేమో ఎదిగే పిల్లలు, అందులోనూ మగపిల్లలు ఎక్కువ. అదే ఫ్లోరైడ్, వేరే రూపం. ఎందుకు?

వాళ్ళు తవ్వుకుంటూ వెళ్ళిన దారి నాకు ఎంతో ఇష్టం. నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలింది 1967లో. జలాశయం నుంచి, కాలువల నుంచి నీళ్ళు ఇంకి, చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం పెరిగింది. మట్టిలో క్షారగుణం పెరిగింది. అలాంటి మట్టిలోంచి పైరు మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ మట్టిలో పండిన జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువుందని తేలింది. ఒంట్లో మాలిబ్డినం ఎక్కువైతే రాగి బయటికి పోతుంది. ఎదిగే ఎముకకు రాగి కావాలి. అసలే నీళ్ళలో ఫ్లోరైడ్, తినే జొన్నరొట్టెలో మాలిబ్డినం, ఒంట్లో రాగి తక్కువ, పాలు అందని పేదరికం. నాలుగూ కలిసి పిల్లవాడి మోకాలి మీద పడ్డాయని వాళ్ళ వాదన. ఇందులో ఏది ఎంత పాపం చేసిందో అన్న చర్చ తర్వాత కూడా సాగింది. డ్యామ్ ఒక్కటే కారణమని నేను చెప్పను. కానీ నీళ్ళు వచ్చాక నేల మారింది, నేల మారాక గింజ మారింది అన్నది మాత్రం కొలిచి చూసిన సంగతి.

అది తెలుసుకోవడానికి ఎవరెవరు కావలసి వచ్చారో చూడండి. కాళ్ళకు ఎక్స్‌రే తీసే డాక్టరు, మట్టిని చదివేవాడు, జొన్నగింజలో లోహాన్ని కొలిచే రసాయన శాస్త్రవేత్త, ఏ ఇంట్లో ఎవరు ఎన్ని రొట్టెలు తింటున్నారో తూకం వేసి రాసుకునే మనిషి. నేను చేరిన కొత్తలో మాకు తూకం పని కూడా ఇచ్చేవాళ్ళు. కొడుకుల పళ్ళెం నిండాక మిగిలిందే కూతుళ్ళకు. తల్లి పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి కొన్ని ఇళ్ళలో తూచడానికి ఏమీ మిగిలేది కాదు. మీ క్లాసులో ఆ ముగ్గురూ మగపిల్లలేనా? వీలైతే రాయండి.

ప్రశ్న: నేను ఎం.ఎ. సోషియాలజీ. మా హాస్టల్లో సైన్స్ వాళ్ళు మాది సైన్సే కాదంటారు, ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడం పరిశోధన ఎలా అవుతుందంటారు. ఏం చెప్పమంటారు మేడమ్? (ఒక విద్యార్థిని, వరంగల్)

పెల్లాగ్రా గురించి చెప్పమ్మా. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వందేళ్ళ కింద వేలమందిని చంపిన జబ్బు అది. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం మాడినట్టు నల్లబడి, విరేచనాలు పట్టుకుని, చివరికి మతి తప్పేది. అంటుజబ్బని పెద్ద పెద్ద డాక్టర్లు వాదించారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు కాదన్నాడు. ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తను వెంటపెట్టుకుని 1916లో సౌత్ కెరొలైనాలో ఏడు బట్టల మిల్లుల ఊళ్ళకు వెళ్ళాడు. ఇంటింటి ఆదాయం, కొన్న సరుకులు రాసుకున్నారు. ఆదాయం తగ్గినకొద్దీ జబ్బు పెరిగింది. పాలు, మాంసం కొనగలిగిన ఇంట్లో జబ్బు అరుదు. సూక్ష్మదర్శినిలో ఎంత వెతికినా దొరకని సంగతి పచారీ లెక్కలో దొరికింది. ఆ జబ్బుకు మందైన నయాసిన్ అనే విటమిన్‌ను పోల్చుకున్నది ఆ తర్వాత ఎప్పుడో, 1937లో.

అదే జబ్బు మన దక్కనులో జొన్నలు తినే కూలీల్లో కనపడింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దానికి కారణం కావచ్చని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్‌లో రాశారు. నీ స్నేహితులను ఒక్కటే అడుగు. ఆ కూలీ జొన్నలు మాత్రమే ఎందుకు తింటున్నాడో ఏ పరీక్షనాళిక చెబుతుంది?

ప్రశ్న: నేను ఒక బాలికల హాస్టల్ వార్డెన్‌ని. ఒక టీమ్ వచ్చి పిల్లల రక్తం, మూత్రం శాంపిళ్ళు కావాలి, అందరి తరఫున మీరు సంతకం పెట్టండి అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పెట్టొచ్చా?

పెట్టకండి. మీరు వాళ్ళ తల్లి కాదు, చట్టం ముందు సంరక్షకురాలూ కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. తల్లిదండ్రుల సంతకం కావాలి. ఏడేళ్ళు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాలి, పన్నెండు దాటితే అది రాతలో ఉండాలి. 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు పరిశోధన కింద ఒక టీకా వేశారు. 2010లో ఆపేశారు. హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారని పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. వచ్చిన టీమ్‌ను ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపించమనండి. తెలుగులో రాసిన సమాచార పత్రం అడగండి. ఫలితం ఎప్పుడు, ఎవరి చేతికి ఇస్తారో దాని మీద రాయించండి. నిజాయితీగా పనిచేసే వాళ్ళు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోరు.

ఫలితం ఎవరి చేతికి ఇస్తారో రాయించమన్న మాట మీద ఇంత పట్టు ఎందుకో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, మునుగోడు వైపు ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ దగ్గర మూత్రం శాంపిల్ తీసుకున్నాను. నడుము వంగిపోయి, తల ఎత్తి నా మొహం చూడలేక పక్కకు తిరిగి మాట్లాడింది. రెండేళ్ళ తర్వాత వేరే పని మీద అదే ఊరు వెళ్తే నా గొంతు గుర్తుపట్టింది. "బిడ్డా, సీసా పట్కపోతివి గదా, ఏమన్న తెలిసిందా?" అని అడిగింది. తెలిసింది. ఆమె పేరు ఎదురుగా అంకె రాసిందే నేను. ఆ కాగితాలు మా ఆఫీసులో ఉన్నాయి, వాటితో ఒక వ్యాసం కూడా అచ్చయింది. ఆ ఊరికి మాత్రం ఒక్క కార్డు ముక్క వెళ్ళలేదు. ఫలానా బావి నీళ్ళు తాగొద్దని ఆ రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంకా అవే నీళ్ళు తాగుతోంది. నేను ఏమీ చెప్పలేక ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మనుషుల పేర్లు రాయలేదు. ఊరి పేరు, బావి గుర్తు, అంకె మాత్రమే. మళ్ళీ ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా దిగి, చావడి దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పేదాన్ని: గుడి వెనక బావి వద్దు, చెరువు కట్ట కింది బావి పర్వాలేదు అని. ఆఫీసులో అనుమతి అడగలేదు. ఇప్పుడైనా అడగనని చెప్పగలను.

ప్రశ్న: నల్గొండ ఫ్లోరోసిస్ మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటే, ఇంటింటికీ కృష్ణా నీళ్ళు వచ్చేశాయి, ఇంక అది అయిపోయిన టాపిక్ అంటున్నారు మా గైడ్. మార్చుకోవాలా? (పరిశోధక విద్యార్థి, నల్గొండ)

మార్చుకోకు బాబూ. మీ గైడ్ గారికి గౌరవంగా రెండు ప్రశ్నలు చూపించు.

మొదటిది తేదీల లెక్క. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ వ్యాసం వచ్చింది 1955లో. మిషన్ భగీరథ మొదలైంది 2016లో. మధ్యలో 61 ఏళ్ళు. కారణం తెలుసు, తీర్చే దారి తెలుసు, పక్కనే కృష్ణా నది ఉంది. మధ్యలో వచ్చిన పథకాలు ఏ ఊరి దాకా వెళ్ళాయి, ఏ ఊళ్ళో ఆగిపోయాయి? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీ చేశారు. మా నీళ్ళ గోడు దేశానికి వినపడాలని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడే నామినేషన్ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఆ నామినేషన్లు వేసినవాళ్ళలో చాలామంది ఇంకా ఉన్నారు, వయసు మీద పడింది. నువ్వు ఇప్పుడు వెళ్ళకపోతే ఆ మాటలు నీకు దొరకవు.

రెండోది, నేను ఇంకో పాతికేళ్ళు చిన్నదాన్నయితే చేసే పని. మొదటి ప్రశ్న జవాబులో చెప్పాను, ముందు పళ్ళ పై పొర మొదటి నాలుగైదేళ్ళలో తయారవుతుంది. నల్లా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నారు. పాల పళ్ళు ఊడి ముందు పళ్ళు వచ్చాయి. ఒకే ఇంట్లో, ఒకే తల్లి వండిన అన్నం తిన్న అన్నకూ తమ్ముడికీ పళ్ళు చూడు. అన్న పళ్ళు బోరు నీళ్ళ కాలం నాటివి, తమ్ముడివి నల్లా కాలం నాటివి. పళ్ళ మచ్చలను తూచడానికి డీన్ సూచిక ఉంది, ఒక దంత వైద్యుణ్ణి తోడు తీసుకో. తమ్ముడి పళ్ళు తెల్లగా ఉంటే ఆ ఇంటికి నీళ్ళు నిజంగా చేరాయి. అతనికీ చారలుంటే నల్లా ఉండి కూడా ఆ ఇంట్లో ఏ నీళ్ళు తాగారో కనుక్కో. నల్లా ఎన్ని గంటలు వచ్చింది, మోటారు చెడితే ఎన్నాళ్ళు ఆగింది, చేనుకు పోయినప్పుడు ఏ బోరు దగ్గర సీసా నింపారు, అత్తగారికి ఏ నీళ్ళ రుచి నచ్చింది. ఇవన్నీ తల్లులకు తెలుసు, కూర్చుని అడగాలి. ఆ ఇంటి నల్లా నీళ్ళూ, బోరు నీళ్ళూ రెండూ పరీక్ష చెయ్యి.

నీళ్ళు వచ్చినా పాత ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా దిగదు. వంగిన నడుములు అలాగే ఉన్నాయి. వాళ్ళకు పింఛను, వైద్యం ఎలా అందుతున్నాయో కూడా నీ పుస్తకంలో ఒక అధ్యాయం కావాలి.

మొదటి ఊరికి ఎప్పుడు వెళ్తున్నావో ఈ శీర్షికకు రాయి. నా నోటుపుస్తకంలో 43 ఊళ్ళ బావుల అంకెలున్నాయి, ఏ ఏడాది తీసినవో కూడా రాసి ఉంది. జిరాక్స్ తీసి పంపిస్తాను.